తీర్థమలై దారిలో కరెంటు కారు

కరెంటు కారు కొనాలనుకునేవాళ్లు షోరూములో అడిగే ప్రశ్నల వరస ఇన్నేళ్లయినా పెద్దగా మారలేదు. ఒక్క చార్జింగ్‌కు ఎంత దూరం పోతుంది, ఎంతసేపట్లో నిండుతుంది, బ్యాటరీ ఎన్నేళ్లొస్తుంది, పోతే కొత్తదానికి ఎంతవుతుంది, వానలో ఏమీ కాదు కదా, తగలబడదు కదా, రేపు అమ్ముకుంటే ఎంతొస్తుంది. 2001లో బెంగుళూరు నుంచి రేవా వచ్చినప్పుడు ఈ ప్రశ్నలకు గట్టి జవాబులు లేవు. లెడ్ యాసిడ్ బ్యాటరీలతో అది పోయేది 80 కిలోమీటర్లు. ఇవాళ మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ పెద్ద బ్యాటరీ మోడల్ 79 యూనిట్లు నింపుకుని 650 కిలోమీటర్లకు పైగా పోతుందని బ్రోచర్ చెబుతోంది. జవాబులు ఇంత మెరుగుపడ్డాయి కదా, మరి అనుమానం తీరిందా అంటే లేదు. 2024లో మన దేశంలో అమ్ముడైన కార్లలో కరెంటువి దాదాపు లక్ష, అంటే నూటికి రెండున్నర. అదే ఏడాది నార్వేలో కొత్త కార్లలో నూటికి 88కి పైగా కరెంటువే. ధర ఒక కారణం, చార్జర్ల కొరత ఒక కారణం. వాటితోపాటు ఇంకో కారణం కూడా ఉందని ఈ వ్యాసం వాదన. ప్రశ్నలన్నీ బండిని అడుగుతున్నాం. జవాబులో సగానికి పైగా బండి బయట ఉంది: ఇంటి మీటరులో, బండి ఆగే చోటులో, పోయే దారి ఎత్తుపల్లాల్లో. బ్రోచర్ రాసినవాడికి ఆ సగం తెలియదు, కొనేవాడికి తెలుసు. కానీ దాన్ని లెక్కలోకి తెచ్చుకునే అలవాటు మనకింకా రాలేదు.

ఆ లెక్క వేసి చూడటానికి ధర్మపురి జిల్లాలోని తీర్థమలై సరిగ్గా సరిపోతుంది. అరూరు తాలూకాలో కొండ మీద తీర్థగిరీశ్వరుడి గుడి, కొండ కింద ఊరు. రామతీర్థంలో తలస్నానం చేయడానికి ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు, బెంగుళూరు వైపు నుంచి జనం వస్తారు, వాళ్లలో తెలుగు ఇళ్లవాళ్లూ తక్కువేం కాదు. బెంగుళూరు నుంచి ఏ దారిన వచ్చినా 200 కిలోమీటర్ల లోపే. ఇక్కడో విచిత్రం ఉంది. దేశంలో కరెంటు బండ్ల తయారీ దట్టంగా ఉన్న చోట్లలో ఒకటి ఈ పక్కనే ఉంది. ఓలా స్కూటర్ల కర్మాగారం కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో (ఇది మన చేనేత పోచంపల్లి కాదు) ఉంటే, ఏథర్, టీవీఎస్ హోసూరులో ఉన్నాయి. కృష్ణగిరి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద ఫాస్ట్ చార్జర్లకు కొదవ లేదు. హైవే దిగి ఊత్తంగరై, అరూరు వైపు లోపలికి వచ్చేకొద్దీ అవి పల్చబడతాయి. బండ్లు తయారయ్యే చోటికీ బండికి కరెంటు దొరికే చోటికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని ఏ కంపెనీ ఫీచర్ల పట్టికలోనూ చూపించరు.

మొదటి ప్రశ్న రేంజి. బ్రోచర్‌లో ఉండే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, మాడిఫైడ్ ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ అనే పద్ధతిలో తేల్చినది. ఆ పరీక్షలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఎదురుగాలి ఉండదు, ఎత్తు ఉండదు. అంకె అబద్ధం అనలేం. రెండు మోడళ్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి అది పనికొస్తుంది, ప్రయాణం వేసుకోవడానికి పనికిరాదు. ఈ సంగతి కంపెనీలకూ తెలుసు. టాటా 2024 ఆగస్టులో కర్వ్ ఈవీని తెచ్చినప్పుడు 55 యూనిట్ల బ్యాటరీ మోడల్‌కు 585 కిలోమీటర్ల రేంజి చెబుతూనే, పక్కన సీ75 అనే ఇంకో అంకె వేసింది: రోడ్డు మీద 400 నుంచి 425. నూటికి 75 మంది కస్టమర్లకు వచ్చే దూరం అని దాని అర్థం. అంటే పరీక్ష అంకెలో మూడో వంతు దాకా కోత పడుతుందని తయారీదారే ఒప్పుకున్నట్టు. కొనేవాడికి చేతిలో ఉండాల్సిన సూత్రం ఇంకా సులువు. మామూలు ఎస్‌యూవీకి హైవే మీద, ఏసీ వేసుకుని, యూనిట్‌కు ఆరు నుంచి ఏడు కిలోమీటర్లు. బ్యాటరీలో ఎన్ని యూనిట్లుంటే దాన్ని ఆరున్నరతో గుణించి, అడుగున పదో వంతు వదిలేస్తే చాలు. 45 యూనిట్ల బండికి 260 వస్తుంది. బెంగుళూరు నుంచి తీర్థమలైకి రావడానికి అది సరిపోతుంది, మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరిగి వెళ్లడానికి సరిపోదు.

పైగా వచ్చిన దారీ వెళ్లే దారీ ఒకటే అయినా ఖర్చు ఒకటి కాదు. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, అరూరు ప్రాంతం దానికి కనీసం 500 మీటర్లు కింద ఉంది. మనుషులతో కలిపి 1,800 కిలోలున్న బండిని 500 మీటర్లు పైకి ఎత్తడానికి, భౌతికశాస్త్రం లెక్కన, సుమారు రెండున్నర యూనిట్లు కావాలి. మోటారులో, గేరులో పోయేది కలుపుకుంటే మూడుకు కాస్త తక్కువ. తిరుగు ప్రయాణంలో దాదాపు 20 కిలోమీటర్ల రేంజి ఆ ఎక్కుడుకే పోతుందన్నమాట. పెట్రోలు బండికీ ఈ ఖర్చు ఉంది, కానీ బంకు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వచ్చేటప్పుడు స్క్రీన్ మీద కనిపించిన అంకెను నమ్ముకుని వెళ్లేటప్పుడు కృష్ణగిరిలో ఆగకుండా పోదామనుకునేవాళ్లు హోసూరు దగ్గర చార్జర్ వెతుక్కోవాల్సి వస్తుంది.

దిగేటప్పుడు ఆ కరెంటు తిరిగి వస్తుంది కదా అని అడుగుతారు. రీజెన్ బ్రేకింగ్ అనే ఈ ఫీచర్ గురించి సేల్స్‌వాళ్లు ఉత్సాహంగా చెబుతారు, అందులో నిజమూ ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారే జనరేటరై చక్రాలను పట్టి ఆపుతుంది, అలా పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. ధర్మపురికీ సేలానికీ మధ్య ఉన్న తొప్పూరు ఘాట్‌ను తీసుకుంటే దీని విలువ తెలుస్తుంది. కిలోమీటర్ల కొద్దీ సాగే ఆ దిగుడులో, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలిన లారీలు బ్రేకులు వేడెక్కి పట్టుతప్పి ఎన్ని ప్రమాదాలు చేశాయో ఆ దారిన తిరిగేవాళ్లందరికీ తెలుసు. రీజెన్ ఉన్న కారుకు అక్కడ బ్రేకు ప్యాడ్లు పెద్దగా వేడెక్కవు. అయితే షోరూములో చాలామంది చెప్పని మెలిక ఒకటుంది. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే వచ్చిన కరెంటు పెట్టుకోవడానికి చోటుండదు, రీజెన్ బాగా తగ్గిపోతుంది, బండి అలవాటు లేని తీరులో జారుతుంది. ఏర్కాడు కొండ మీద హోటల్ దగ్గర రాత్రంతా చార్జింగ్ పెట్టి పొద్దున్నే నూరు శాతంతో కొండ దిగేవాళ్లకు ఈ సంగతి తెలిసి తీరాలి. ఎనభై దగ్గర ఆపితే బ్యాటరీకీ మంచిది, దిగేటప్పుడు కొంత మిగులుతుంది కూడా. రీజెన్ ఉందా అని అడిగితే ఏ కంపెనీ అయినా ఉందనే అంటుంది. మన దారిలో దిగుడు ఎక్కడుంది, దాని ముందు చార్జింగ్ ఎక్కడ పెడతాం అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

చార్జింగ్ వేగం విషయంలోనూ ఇదే కథ. 79 యూనిట్ల మహీంద్రా బండి 175 కిలోవాట్ల చార్జర్ మీద 20 శాతం నుంచి 80కి 20 నిమిషాల్లో చేరుతుందని కంపెనీ చెబుతుంది. ఆ చార్జర్ దొరికితే నిజమే. రోడ్డు పక్కన మనకు ఎక్కువగా కనిపించేవి 30, 60 కిలోవాట్లవి. 60 మీద అదే 60 శాతం నింపడానికి ముప్పావు గంట పైన, 30 మీద గంటన్నర పైన పడుతుంది. 60 అని రాసి ఉన్న డబ్బాకు రెండు చార్జింగ్ గన్నులుంటే, రెండో గన్ను ఇంకెవరో పెట్టుకున్న మరుక్షణం చాలా మెషీన్లు 30, 30గా పంచుకుంటాయి. కాబట్టి 'ఎన్ని నిమిషాలు' అనేదానికి జవాబు బండిలో కొంత, గోడకున్న డబ్బాలో కొంత, పక్కన ఆగిన బండిలో కొంత ఉంది. ధరలోనూ తేడా ఉంది. ఫాస్ట్ చార్జర్ దగ్గర 18 శాతం జీఎస్టీతో కలిపి చాలాచోట్ల యూనిట్‌కు 20 రూపాయల పైనే పడుతుంది, అంటే కిలోమీటరుకు మూడు రూపాయలు. ఇంట్లో పెట్టుకుంటే రూపాయీ రూపాయిన్నర మధ్యలో తేలుతుంది. బండి చవకగా నడుస్తుందని చెప్పే లెక్కలన్నీ ఇంటి చార్జింగ్ మీద కట్టినవే.

అందుకే అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంటి మీటరును. 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి గంటకు మూడు యూనిట్లకు కాస్త పైన ఎక్కుతుంది. రాత్రి తొమ్మిది గంటలు పెడితే పొద్దునకు 190 కిలోమీటర్లు నడిపేంత నిండుతుంది. అరూరుకో ధర్మపురికో వెళ్లి వచ్చే మనిషికి ఇది కావాల్సిన దానికన్నా ఎక్కువ. కానీ ఆ ప్లగ్గు వెనక ఏముందన్నది చూసుకోవాలి. పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎప్పుడో తవ్వి బొగ్గు, ఉప్పు వేసి మూసిన గుంత, నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిపోయి ఉంటుంది. గ్రైండరుకు, మోటారుకు అది చెల్లిపోయింది. కారు చార్జర్ మాత్రం ఎర్తు సరిగా లేదని ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది. కొత్త కారు వచ్చిన మొదటి రాత్రే ఫిర్యాదు చేసేవాళ్లలో కొందరి ఇబ్బంది ఇదే, బండిలో లోపం ఉండదు. తరువాత బిల్లు. తమిళనాడులో ఇళ్లకు రెండు నెలలకోసారి రీడింగ్ తీస్తారు, మొదటి 100 యూనిట్లు ఉచితం, 500 దాటితే పై రేటు పెరగడమే కాక కింది మెట్ల మీద ఇచ్చే రాయితీ కూడా కొంత పోతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే రెండు నెలలకు 300 యూనిట్ల పైచిలుకు కారుకే కావాలి. ఇప్పటిదాకా 250 యూనిట్లతో సరిపెట్టుకున్న ఇల్లు దానితో గీత దాటుతుంది. ఇంత చేసినా పెట్రోలుతో పోలిస్తే లాభమే, అయితే సేల్స్‌మన్ కాగితం మీద చూపించినంత కాదు. ఇక పొలంలో బోరు మోటారుకు ఇచ్చే ఉచిత కరెంటుకు కారు తగిలిస్తే పోలా అనే ఆలోచన చాలామందికి తట్టేదే. అది వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షన్. దాన్ని వేరే పనికి వాడితే జరిమానా పడుతుంది.

ఈ తలనొప్పి అంతా ఎందుకు, పెద్ద బ్యాటరీ బండి కొంటే అన్నీ తీరిపోవా అని ఎదురు అడగవచ్చు. కొంత తీరుతాయి. కానీ పెద్ద బ్యాటరీ అంటే లక్షల్లో ధర, వందల కిలోల బరువు, ఆ బరువుకు త్వరగా అరిగే టైర్లు. 15 ఆంపియర్ల ప్లగ్గు మీద అది పూర్తిగా నిండాలంటే ఒక రాత్రి చాలదు. ఏడాదికి నాలుగుసార్లు చేసే దూరప్రయాణం కోసం మిగతా రోజులంతా ఆ బరువు మోసుకు తిరగడం లెక్కకు నిలవదు. సొంత ప్లగ్గు ఉండి రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే ఇంటికి చిన్న బ్యాటరీయే తెలివైన బేరం. ఇంట్లో ప్లగ్గు లేని అపార్ట్‌మెంట్ మనిషికి మాత్రం పెద్దదీ కష్టమే, ఎందుకంటే అతను ప్రతి యూనిట్నూ 20 రూపాయలు పెట్టి కొనాలి. బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతినీ ఇదే తక్కెడలో తూచవచ్చు. 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ వచ్చినప్పుడు బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, వాడుకకు కిలోమీటరుకు మూడున్నర రూపాయలు అన్నారు. అద్దె మీద కరెంటు వేసుకుంటే కిలోమీటరు ఐదు రూపాయలకు చేరువవుతుంది, అప్పుడు పెట్రోలు మీద మిగిలేది కొద్దిగానే. తక్కువ తిరిగేవాళ్లకు, మొదట్లో చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు అది సరి. ఎక్కువ తిరిగేవాళ్లకు కాదు.

బ్యాటరీ ఎన్నేళ్లొస్తుందన్న ప్రశ్నలో భయం పాలు ఎక్కువ, ఆధారం పాలు తక్కువ. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తూ వచ్చాయి. ఇప్పుడు కొన్ని మోడళ్లకు జీవితకాలం అంటున్నారు. ఆ జీవితకాలం మామూలుగా మొదటి యజమానిది. బండి చేతులు మారితే మాట మళ్లీ సంవత్సరాలకు, కిలోమీటర్లకు దిగుతుంది. వారంటీ అంటే బ్యాటరీ కొత్తదానిలా ఉంటుందని కూడా కాదు. సామర్థ్యం ఒక గీత కిందికి, తరచుగా 70 శాతానికి, పడితేనే అది పనిచేస్తుంది. 72 దగ్గర ఉన్న బ్యాటరీకి కంపెనీ ఏమీ బాకీ లేదు. ఇదంతా చూసి భయపడనక్కర్లేదు. ఇప్పుడు చాలా కార్లలో వాడే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ వేడికి కాస్త ఓర్చుకుంటాయి, ఎక్కువసార్లు చార్జింగ్ పెట్టుకోవచ్చు. బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ సర్వేలో బ్యాటరీ ప్యాకు సగటు ధర 2024లో యూనిట్‌కు 115 డాలర్లు, 2010లో అది వెయ్యి పైన. యూరప్ సమీక్షలు చదివి చలిలో పనికొచ్చే హీట్ పంప్ ఉందా అని అడిగేవాళ్లు మన దగ్గర బ్యాటరీకి శత్రువు చలి కాదని, ఎండని గుర్తుంచుకోవాలి. మే నెలలో నిండు చార్జింగ్‌తో రోజుల తరబడి ఎండలో నిలబెట్టిన బండి త్వరగా ముసలిదవుతుంది. రీసేల్ సంగతి తేలడానికి మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చింది, దాని మొదటి బండ్లకు ఎనిమిదేళ్లు 2028లో నిండుతాయి. వారంటీ దాటిన కరెంటు కార్లు పెద్ద సంఖ్యలో సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చేది అప్పుడే. అప్పటిదాకా ఎవరు ఏ ధర చెప్పినా అంచనాయే.

వాన గురించిన ప్రశ్నను పట్నం రాతగాళ్లు నవ్వి కొట్టిపారేస్తారు. ఈ ప్రాంతంలో అది నవ్వేది కాదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుఫాను బలహీనపడి లోపలికి వచ్చి, తీర్థమలైకి దగ్గరలోని ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిసింది. చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లను, కార్లను ఈడ్చుకుపోయింది. బ్యాటరీకి ఐపీ67 ఉందని చెబితే దాని అర్థం మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని పరీక్షలో తేలిందన్న మాట. బురదతో రాళ్లతో పరుగెత్తే చెరువు నీళ్లకు, గంటల తరబడి మునిగి ఉండటానికి ఆ హామీ లేదు. వానలో చార్జింగ్ పెడితే షాకు కొడుతుందా అంటే, సరైన గన్నుతో, సరైన ఎర్తుతో కొట్టదు. మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకూడదు, చార్జింగ్ పెట్టకూడదు, తాడు కట్టి లాగకూడదు, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించాలి. ఇన్సూరెన్స్‌లో బ్యాటరీకి విడిగా కవరు ఉందా అన్నది ఈ ప్రశ్నకు అసలైన కొసరు. మంటల భయం 2022లో స్కూటర్లు వరసగా తగలబడ్డప్పుడు మొదలైంది. ఆ తరువాత కేంద్రం బ్యాటరీ భద్రత నిబంధనలను బిగించింది.

స్క్రీన్ ఎన్ని అంగుళాలు, సన్‌రూఫ్ ఉందా, డ్రైవరుకు సాయపడే అడాస్ ఉందా అనేవి బ్రోచర్లో ఎక్కువ చోటు తినే విషయాలు. లేన్ గీతే లేని రోడ్డు మీద లేన్ కాపాడే ఫీచర్ ఏం చేస్తుంది? అరూరు దగ్గర గోపాలపురం చక్కెర మిల్లుకు రాత్రిపూట వెనక లైటు లేకుండా పోయే చెరకు ట్రాక్టర్లను అది ఎంత బాగా గుర్తిస్తుందన్నది టెస్ట్ డ్రైవ్‌లో తేలదు. అంతకన్నా స్టెప్నీ ఉందా అని అడగడం మంచిది. కొన్ని మోడళ్లలో అది ఉండదు, పంక్చర్ కిట్ ఇచ్చి సరిపెడతారు. హై వోల్టేజ్ పని తెలిసిన మెకానిక్ దగ్గరలో ఏ వర్క్‌షాపులో ఉన్నాడో కూడా కొనకముందే కనుక్కోవాలి. కరెంటు కారు దారిలో చచ్చిపోయిందంటే చాలాసార్లు తప్పు పెద్ద బ్యాటరీది కాదు, ముందున్న చిన్న 12 వోల్టుల బ్యాటరీది.

ఇలా భారమంతా కొనేవాడి మీద వేస్తే కంపెనీలను వదిలేసినట్టు కాదా? న్యాయమైన అభ్యంతరమే. రోడ్డు మీద వచ్చే దూరం, 30 కిలోవాట్ల చార్జర్ మీద పట్టే సమయం, రెండో యజమానికి మిగిలే వారంటీ, బ్యాటరీ మిగిలిన ఆరోగ్యాన్ని చూపించే అంకె, ఇవి నాలుగూ ప్రతి బండి మీదా ఒకే తీరున అచ్చు వేయాలని నిబంధన పెట్టాలి. టాటా ఒక అంకె తనంతట తాను చెప్పింది, మిగతావాళ్లు చెప్పకపోయినా అడిగే చట్టం లేదు. కానీ ఆ నిబంధన రేపే వచ్చినా తీర్థమలై కొండ కింద ప్లగ్గు ఉందా లేదా అన్నది అందులో ఉండదు.

నిజానికి అక్కడ ఫాస్ట్ చార్జర్ అక్కర్లేదు. ఎక్కడ ఎలాంటి చార్జర్ కావాలన్న ఈ ప్రశ్నను ప్రభుత్వాలు కూడా తప్పుగానే వేసుకుంటున్నాయి. కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాలు హైవే మీద ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగ్ స్టేషన్ ఉండాలన్నాయి. దూరాన్ని బట్టి ఆలోచించారు, బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుందన్నదాన్ని బట్టి కాదు. తీర్థమలై వచ్చినవాళ్లు మెట్లెక్కి, తీర్థాల్లో మునిగి, దర్శనం చేసుకుని దిగేసరికి మూడు నాలుగు గంటలవుతుంది, అంతసేపూ బండి కిందనే నిలిచి ఉంటుంది. అక్కడ పది మామూలు 15 ఆంపియర్ల పాయింట్లు పెడితే మొత్తం లోడు 33 కిలోవాట్లు, ఒక చిన్న ఫాస్ట్ చార్జర్ తినేంతే. నాలుగు గంటల్లో ఒక్కో బండికి 13 యూనిట్లు ఎక్కుతాయి, 85 కిలోమీటర్లు, అంటే కృష్ణగిరి హైవే మీదికి చేరడానికి చాలు. చార్జింగ్ స్టేషన్‌కు లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే తేల్చింది కాబట్టి పంచాయతీ పెట్టవచ్చు, దేవాదాయ శాఖ పెట్టవచ్చు, పార్కింగ్ పక్కన టీ కొట్టు నడిపేవాళ్లూ పెట్టవచ్చు. తమిళుల ఆడి పద్దెనిమిది పండుగ నాడు జనం కిక్కిరిసినప్పుడు పది పాయింట్లు ఏ మూలకూ రావు, ఆ రోజుకు హైవే చార్జరే దిక్కు. మిగతా రోజుల్లో కరెంటు కార్లు ఎన్నొస్తాయి, పాయింట్లు ఖాళీగా పడి ఉండవా అన్నది చివరి అభ్యంతరం. ఖాళీగా ఉన్న ఫాస్ట్ చార్జర్‌కు ట్రాన్స్‌ఫార్మరు, డిమాండ్ చార్జీలు, మెయింటెనెన్సు ఉంటాయి, ఖాళీగా ఉన్న ప్లగ్గుకు తాళం వేసిన డబ్బా ఉంటే సరిపోతుంది.